ఏనుగూ పిట్టా ఒకే తక్కెడలో

కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు అనేది ఒకటుంటుందనీ, అది చచ్చిపోతే తెర మీద బొమ్మలు సరిగ్గా కదలవనీ నాకు తెలుసు. కానీ అది చచ్చిపోతే ఇంట్లో మగవాళ్ళకి ప్రాణం లేచొస్తుందని మాత్రం మొన్నటిదాకా తెలియదు.

నేను ఇళ్ళకీ దుకాణాలకీ లోపలి అమరిక గీసిపెడుతుంటాను. ఇన్నాళ్ళూ నా చేతి మీదుగా వెళ్ళినవన్నీ వంటింటి అరలూ, బట్టల బీరువాలూ, మహా అయితే ఒక చెప్పుల షాపు. మొదటిసారి ఒక పెద్ద పని నా దాకా వచ్చింది. పాత తపాలా ఆఫీసు పైఅంతస్తుని పిల్లల లైబ్రరీగా మార్చాలి. ఆ లైబ్రరీని నేను కంప్యూటర్లో అంగుళం అంగుళం కట్టుకున్నాను. అరలు, అరల నిండా పుస్తకాలు, కిటికీల్లోంచి పడే ఎండ, నేల మీద బోర్లా పడుకుని చదువుకునే పిల్లలు, బయట చెట్లు. నిద్రలో కూడా అందులోనే తిరిగేదాన్ని.

పోటీకి ఇంకో సంస్థ ఉంది. వాళ్ళ ఆఫీసులో మనుషుల కంటే కంప్యూటర్లే ఎక్కువ. సోమవారం సాయంత్రం నేను కమిటీకి చూపించాలి. కమిటీలో అందరూ ఎవరి మాట వింటారో ఆ పెద్ద లైబ్రేరియన్ గారు ముక్కుసూటి మనిషి. ఫోన్లో ముందే చెప్పేశారు.

"వీడియో తెచ్చి చూపించకండమ్మా. వీడియోలో అందరి లైబ్రరీలూ బాగానే ఉంటాయి. మౌస్ నా చేతికివ్వండి. నేనే తిరిగి చూసుకుంటాను."

చూపించాల్సింది సోమవారం. కార్డు పోయింది శనివారం. కొత్తది తెప్పించాలంటే వారం పడుతుందన్నాడు షాపతను. మా ఆయన వచ్చి, మానిటర్ వైరుని కంప్యూటర్ బోర్డుకే ఉన్న సాకెట్లో బిగించి, సెట్టింగుల్లో కూడా ఏదో మార్చి, "ఇప్పటికి దీంతో సర్దుకో, ఉత్తరాలవీ రాసుకోవచ్చు" అన్నాడు. ఉత్తరాలు సరే. నా లైబ్రరీ తెరిస్తే అందులో నడుస్తున్నట్టు లేదు, మోకాటి లోతు బురదలో కాళ్ళు ఈడ్చుకుంటున్నట్టు ఉంది. అలాంటిది ఆ లైబ్రేరియన్ గారి చేతిలో పెడితే పని నాది కాకుండా పోవడానికి రెండు నిమిషాలు చాలు.

"నా పాత కార్డు ఉండగా నీకు దిగులెందుకు?" అని ఆదివారం పొద్దున్నే అటకెక్కాడు మా ఆయన.

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పెద్ద పెద్ద మోటార్లతో సహవాసం కాబట్టి, బరువున్నదే బలమైనదని ఆయన గట్టి నమ్మకం. దుమ్ము దులుపుకుంటూ దించిన కార్డు జానెడు పైన పొడుగు, రెండు ఫ్యాన్లు, ఇటుకంత బరువు. పెళ్ళికి ముందు ఆటల పిచ్చిలో కొన్నదట. దాని వీపు నిమురుతూ, "అప్పట్లో దీన్ని మించింది లేదు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు!" అన్నాడు. నా వీపు అంత ప్రేమగా ఎప్పుడు నిమిరాడో గుర్తు లేదు.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు దిగాడు. పక్కవీధిలోనే ఉంటాడు, గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని ఆవగింజంత చక్రాలతో బతికేవాడికి లోకంలో గొప్పవన్నీ చిన్నవిగానే ఉంటాయి. సంచిలోంచి ఒక కార్డు తీశాడు. అరచేతి కంటే కాస్త పెద్దది, ఒకటే ఫ్యాను.

"అక్కా, బావ కార్డు తర్వాత రెండేళ్ళకి వచ్చింది ఇది. దానికి కావాల్సిన కరెంటులో సగం చాలు. పైగా దీనికి మెమరీ నాలుగు జీబీ. దానికి మూడే."

"బొమ్మలు గియ్యడానికి కావాల్సింది బలంరా, మెమరీ ఏం చేసుకుంటావ్?" అన్నాడు మా ఆయన. "ఇది కార్డా, అగ్గిపెట్టా?"

"పిట్ట కొంచెం కూత ఘనం, బావా."

అంతే. ఆ క్షణం నుంచి ఒకటి ఏనుగు, రెండోది పిట్ట అయిపోయాయి. రెండూ పాతవే, రెండూ ఎప్పుడో పక్కన పడేసినవే. కానీ ఇద్దరూ వాటిని సొంత పిల్లల్ని పొగిడినట్టు పొగుడుతుంటే నాకు తల తిరిగిపోయింది. "ఏదో ఒకటి పెట్టి ఏడవండి బాబూ" అంటే వినరు. "దాన్ని పెడితే రేపు నలుగురిలో నవ్వులపాలవుతావ్" అని ఈయన, "దాన్ని పెడితే కరెంటు చాలక మధ్యలో ఆగిపోతుంది" అని వాడు.

ఈ గోలకి మా అత్తగారు గదిలోంచి బయటికొచ్చారు. ఆవిడ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ బజార్లోకి అడుగుపెడితే తక్కెడ ముళ్ళు వాటంతటవే నిటారుగా నిలబడేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లోనూ అంతే. టీ పోస్తే గ్లాసులన్నీ వరసగా పెట్టి, వంగి, కంటి ఎత్తులో చూసుకుని గానీ చేతికివ్వరు. కొడుకు గ్లాసులో ఒక చుక్క ఎక్కువ పడగా నేనింతవరకు చూడలేదు. నా గ్లాసులో పడగా కూడా చూడలేదనుకోండి.

"ఏమిట్రా ఆ అరుపులు?"

"అమ్మా, నువ్వే చెప్పు. ఈ రెండిట్లో ఏది గట్టిది?"

"చూసి చెప్పడానికి నాకేమైనా జోస్యం వచ్చా? తూచి చెప్తాను."

మా తమ్ముడి మొహం వాడిపోయింది. నా చెవి దగ్గరికొచ్చి, "అయిపోయిందక్కా. కాకిపిల్ల కాకికి ముద్దు" అన్నాడు. వాడి గుసగుస అంటే పక్క గదికి వినబడేంత.

"బాబూ," అన్నారు మా అత్తగారు, "ఈ కాకి సొంత అన్నగారి కొట్లో తక్కెడనే పట్టుకుపోయిన కాకి. ఆయన నాతో ఏడాది మాట్లాడలేదు. నువ్వేం బెంగపెట్టుకోకు."

బీరువాలోంచి ఒక గుడ్డసంచి తెచ్చారు. అందులో సన్నటి తీగ, సీసం బిళ్ళలు, ముద్ర నొక్కే పట్టకారు. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు దాని మీది అక్షరాలు అరగదీసి, గుర్తుగా ఉంచుకోమని ఇచ్చారట. తక్కెడ సరిగ్గా ఉందని తేలాక ఎవరూ దాన్ని కదపకుండా తీగ చుట్టి, సీసం బిళ్ళ నొక్కేయడం ఆవిడ ఉద్యోగం. ఆ ముద్ర తెంపితే నేరం.

"ఇద్దరి సరుకూ ఒకే తక్కెడలో తూగాలి. సరుకు తప్ప ఇంకేదీ మారకూడదు. మారడానికి వీలున్న ప్రతిదానికీ ముద్ర పడుతుంది" అని ప్రకటించి పనిలోకి దిగారు. కరెంటు వైరుకి ఒక ముద్ర. మౌస్ వైరుకి ఒకటి. కంప్యూటర్ వెనక్కి వంగి, మానిటర్ వైరు ఉన్న చోటే ఉండేలా దాని రెండు మరలకీ తీగ తిప్పి, ఒక బిళ్ళ గట్టిగా నొక్కారు. ఒకరికి చల్లగాలి, ఇంకొకరికి వేడిగాలి తగలకూడదని కిటికీ రెక్కకి కూడా వేసేశారు. నేను నవ్వబోతే నా వైపు చూశారు. ఊరుకున్నాను.

కొలత ఏమిటో నేను చెప్పాను. తెర మూల ఒక అంకె కనిపిస్తుంది. సెకనుకి కార్డు ఎన్ని బొమ్మలు గీస్తోందో ఆ అంకె చెబుతుంది. పాతిక దాటితే కంటికి ఇబ్బంది ఉండదు, యాభై అరవై ఉంటే నిజంగా నడుస్తున్నట్టే ఉంటుంది. పది లోపుంటే బురదే. దారి కూడా నేనే పెట్టాను: మెట్లెక్కి, వసారా దాటి, పుస్తకాలన్నీ ఉన్న పెద్ద హాల్లోకి వెళ్ళి, కిటికీ పక్క కుర్చీ దగ్గర ఆగాలి.

మొదటి వంతు ఏనుగుది. మా ఆయన చొక్కా చేతులు మడిచి దాన్ని లోపల కూర్చోబెట్టి, రెండు కరెంటు తీగలూ తగిలించాడు. మీట నొక్కగానే ఫ్యాన్లు హోరుమన్నాయి. బల్ల మీద కాగితాలు లేచాయి. "విన్నావా ఆ గొంతు!" అని మా తమ్ముడి వైపు చూసి మీసం మీద చెయ్యేశాడు.

మెట్ల మీద అంకె తొమ్మిది. హాల్లోకి వెళ్ళేసరికి నాలుగు.

"చాలాకాలం అటక మీద పడుకుంది కదా, ఇంకా ఒళ్ళు వేడెక్కలేదు" అన్నాడు. మీసం మీది చెయ్యి మాత్రం దిగిపోయింది.

మా తమ్ముడు పిట్టని రెండు వేళ్ళతో పట్టుకుని గడియారంలో చక్రం పెట్టినంత సుకుమారంగా పెట్టాడు. అలవాటు కొద్దీ వాడి చెయ్యి కంప్యూటర్ వెనకున్న మానిటర్ వైరు మీదకి వెళ్ళింది. మా అత్తగారు పట్టకారుతో వేళ్ళ మీద టక్కున ఒకటిచ్చారు.

"ముద్ర పడ్డదాని మీద చెయ్యా?"

"అది కాదత్తయ్యగారూ, ఆ వైరుని..."

"ఏ వైరైనా సరే. మావాడి వంతులో ఎలా ఉందో నీ వంతులోనూ అలాగే ఉంటుంది."

వాడు వేళ్ళు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మీట నొక్కితే చిన్న ఫ్యాను తుమ్మెదలా తిరిగింది. మెట్ల మీద తొమ్మిది. హాల్లో నాలుగు.

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. మళ్ళీ ఏనుగు. మళ్ళీ పిట్ట. ఎన్నిసార్లు మార్చినా అదే తొమ్మిది, అదే నాలుగు. పొద్దుట్నుంచి ఉప్పూ నిప్పులా ఉన్నవాళ్ళు మొదటిసారి ఒక్క మాట మీదకొచ్చారు. ఆ అంకె చూపించే సాఫ్ట్‌వేర్ దండగదన్నారు ఇద్దరూ.

"సమానం," అన్నారు మా అత్తగారు. తీర్పు చెప్పారే గానీ ఆవిడ నుదుటి మీద ముడత మాత్రం పోలేదు.

వాళ్ళకి సమానం. నాకు కొంప మునగడం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు గెలిచారో తేలలేదని మీకు బాధ. ఓడిపోయింది నేనన్న సంగతి ఎవరికైనా పట్టిందా? రేపు ఆవిడ మౌస్ పట్టుకుంటే ఏం చూపించను, మీ మొహాలా?" అని అరిచేశాను. మా ఆయన ఏనుగుని గుండెకి హత్తుకుని, మా తమ్ముడు పిట్ట ఉన్న కంప్యూటర్ని పట్టుకుని, బళ్ళో గోడకుర్చీ వేయించిన పిల్లల్లా నిలబడిపోయారు. చూస్తే నవ్వొచ్చేదే. అప్పుడు రాలేదు.

బరువు తగ్గిస్తే అంకె పెరుగుతుంది. ఇంక చేసేదేముంది? లైబ్రరీకి ఒక నకలు తీసి, అందులోంచి ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టాను. చెట్లు తీశాను. హాల్లో నాలుగు కాస్తా అయిదైంది. నేల మీద పడుకున్న పిల్లల్ని తీశాను. ఏడు. అరల్లో పుస్తకాలకి దేనికదే వేరే అట్ట గీసుకున్నాను, వేలకొద్దీ. అవన్నీ తీసేసి వాటి బదులు బూడిదరంగు దిమ్మలు పెట్టాను. అంకె పద్నాలుగుకి వచ్చింది, లైబ్రరీకి బోసినోరు వచ్చింది. నిజం చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా అత్తగారు టీ తెచ్చి, నాలుగు గ్లాసులూ వరసగా పెట్టి, వంగి చూసి, నాదొకటి నా పక్కన పెట్టి కుర్చీ లాక్కున్నారు. అప్పటికి నా బాణం గుర్తు కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ బొమ్మ మీద ఉంది.

"ఇప్పుడెవర్ని తీసేస్తున్నావమ్మాయ్?"

"మిమ్మల్నే, అత్తయ్యా."

నోరుజారి అనేశాను. విషయమేమిటంటే, పిల్లల్ని తీసుకొచ్చే పెద్దవాళ్ళు కూర్చోవడానికని కిటికీ పక్క ఒక కుర్చీ వేశాను. అందులో ఒక మనిషి ఉంటే బావుంటుందనిపించింది. నాకు బాగా తెలిసిన పెద్దావిడ ఒక్కరే. కళ్ళజోడు ముక్కు మీదకి జారిన తీరు, పుస్తకాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకుని, ఇందులో ఏదో తప్పుండే ఉంటుందన్నట్టు చూసే ఆ చూపు, అన్నీ ఎక్కడా తగ్గకుండా దించేశాను. ఆవిడకి మాత్రం చెప్పలేదు. చెబితే ముక్కు కొలత సరిపోలేదంటారని భయం.

ఆవిడ తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

"నన్ను తీస్తే ఎంత పెరుగుతుంది?"

"అర."

"అర కోసం నన్ను తీసేస్తావా?"

కోపం అనుకున్నాను. కాదు. ఆవిడ పెదాలు వణుకుతున్నాయి, నవ్వు ఆపుకోవడానికి. నా చేతి మీద చెయ్యేసి మౌస్ పక్కకి జరిపారు. "ఆగు. ఇంకేదీ ముట్టుకోకు. ఒరేయ్, ఇద్దరూ ఇటు రండి."

వచ్చారు.

"నా సర్వీసులో ఎన్ని తూకపురాళ్ళు చూసుంటాను? ఒకే అచ్చులో పోసిన రెండు కిలోరాళ్ళు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా తూగలేదు. ఇదేమో ఏనుగు, అదేమో పిట్ట. మెట్ల మీద రెండూ తొమ్మిదే. హాల్లో రెండూ నాలుగే. పొద్దుట్నుంచి నా మనసు పీకుతూనే ఉంది. ఏనుగూ పిట్టా సమానంగా తూగాయంటే లోపం సరుకులో లేదు, తక్కెడలో ఉంది."

"తక్కెడకి ముద్రలేసింది నువ్వే కదమ్మా" అన్నాడు మా ఆయన.

"వేశాను. వేసే ముందు ఖాళీ తక్కెడ చూడాలి. ఏమీ పెట్టకుండా ముల్లు ఎక్కడుందో చూశాకే సరుకు పెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పే పాఠం అది. మీ అరుపుల్లో పడి మర్చిపోయాను. ఆ రెండు కార్డులూ అవతల పెట్టి, ఖాళీ కంప్యూటర్ని నడపండి."

"కార్డు లేకుండా ఏం కొలుస్తాం అత్తయ్యగారూ?" అన్నాడు మా తమ్ముడు.

"అదే చూద్దామంటున్నాను."

కార్డులు రెండూ బల్ల మీద పడుకున్నాయి. నేను నకలు మూసేసి, చెట్లూ పిల్లలూ పుస్తకాలూ అన్నీ ఉన్న అసలు లైబ్రరీని తెరిచాను. ఏ కార్డూ లేని కంప్యూటర్లో తెర వెలిగింది. మెట్లెక్కాను.

తొమ్మిది.

హాల్లోకి వెళ్ళాను.

నాలుగు.

మా ఆయన మొహంలో రంగులు మారడం మొదలైంది. "శనివారం..." అన్నాడు. "మానిటర్ వైరు... బోర్డు సాకెట్లో పెట్టింది... సెట్టింగుల్లో కూడా బోర్డే గియ్యాలని..."

"నేను మార్చబోయాను!" అని మా తమ్ముడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "కార్డు పెడితే ఆ వైరు కార్డుకున్న సాకెట్లోకి మార్చాలి కదా! అందుకే చెయ్యి పెట్టాను! వేళ్ళ మీద కొట్టారు!" అని ఎర్రబడ్డ వేళ్ళు అందరికీ తిప్పి తిప్పి చూపించాడు.

అదన్నమాట సంగతి. పొద్దుట్నుంచి ఏనుగూ, పిట్టా ఒక్క బొమ్మ కూడా గీయలేదు. పెళ్ళికొచ్చిన మగపెళ్ళివారిలా లోపల దర్జాగా కూర్చుని ఫ్యాన్లు తిప్పుకున్నాయి. గొడ్డుచాకిరీ అంతా ఆ బోర్డు చేసింది, ఆ తొమ్మిదీ నాలుగూ దానివే.

మా అత్తగారు కళ్ళజోడు తీశారు. ఆవిడ భుజాలు కదలడం చూసి నేను కంగారుపడ్డాను. తీరా చూస్తే నవ్వు. "తూకం తప్పు కాదురా... సరుకు తక్కెడ ఎక్కనే లేదు... ఎక్కకుండా ముద్ర వేసింది నేనే!" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఇంక మేం ఆగుతామా? మా తమ్ముడు నేల మీద కూలబడిపోయాడు. మా ఆయన పట్టకారు తీసుకుని వాడి రెండో చేతి మీద కూడా ఒకటిచ్చాడు, సమానంగా ఉండాలని.

నవ్వులయ్యాక చూస్తే వెనక ముద్ర అలాగే ఉంది. తెంపడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

"తప్పుకోండి," అన్నారు మా అత్తగారు. "వేసిన చెయ్యే తెంపాలి." పట్టకారు పట్టుకుని ఒక్క క్షణం ఆగారు. "పొరపాటని నా ముద్ర నేనే తెంపుకోవడం ఇదే మొదలు." టక్. సీసం బిళ్ళ నేల మీద పడి దొర్లుకుంటూ బల్ల కిందకి పోయింది. ఆవిడ దాన్నే చూస్తూ, "పర్లేదే. ఏమీ కాలేదు" అన్నారు, చిన్నపిల్లలా.

ఇక అసలు పోటీ. సెట్టింగులు సరిచేసి, వైరు కార్డుకే బిగించారు. ఏనుగు హోరుమంది. మెట్ల మీద ఎనభై! మెట్లెక్కుతున్నట్టు లేదు, ఎవరో ఎత్తుకుని తీసుకెళ్తున్నట్టుంది. మా ఆయన ఇల్లంతా ఒక చుట్టు చుట్టొచ్చాడు. వసారాలో ఎనభై రెండు. మా తమ్ముడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. హాలు గుమ్మంలోకి వెళ్ళాను. బొమ్మ ఠక్కున ఆగిపోయింది. కదిలింది. మళ్ళీ ఆగింది. తల తిప్పినప్పుడల్లా పుస్తకాల చోట మసక మరకలు కనిపించి, తాపీగా అట్టలు పడుతున్నాయి. అంకె ఒకసారి అరవై, ఒకసారి ఆరు.

"మూడు జీబీ నిండిపోయింది, బావా," అన్నాడు మా తమ్ముడు. గెలిచినట్టు కాదు, మెల్లగానే అన్నాడు. "అన్ని పుస్తకాలు ఒకేసారి పట్టవు దానికి."

తర్వాత పిట్ట. మెట్ల మీద యాభై ఎనిమిది. ఏనుగు ముందు ఏపాటి? వసారాలోనూ అంతే. హాల్లోకి ఊపిరి బిగబట్టి వెళ్ళాను. యాభై రెండు. అరల మధ్య తిరిగాను, పిల్లల పక్కనుంచి వెళ్ళాను, పైకి చూశాను, గిర్రున వెనక్కి తిరిగాను. ఎక్కడా తడబడలేదు. ఎండ పడుతోంది. చెట్లు ఊగుతున్నాయి. కిటికీ పక్కన మా అత్తగారు పుస్తకం దూరంగా పట్టుకుని కూర్చునున్నారు. నా గుండెల మీంచి ఎంత బరువు దిగిందో ఏ తక్కెడా చెప్పలేదు.

"పరుగులో మావాడి ఏనుగు గెలిచింది," అని తీర్పు మొదలుపెట్టారు మా అత్తగారు. ఈసారి నుదుటి మీద ముడత లేదు. "మోతలో బాబు పిట్ట గెలిచింది. ఏనుగుకి ఒళ్ళు పెద్దదే గానీ సంచి చిన్నది. అమ్మాయికి కావాల్సింది పరుగు కాదు, పుస్తకాలన్నీ కింద పడెయ్యకుండా మోసేది. రేపటికి పిట్ట."

మా ఆయన ఏనుగు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. తర్వాత మా తమ్ముణ్ణి నడుం పట్టుకుని అమాంతం పైకెత్తాడు. "బాగానే కూసిందిరా నీ పిట్ట!" వాడు గాల్లోంచే, "పరుగుపందెం పెట్టినప్పుడు మాత్రం నీ ఏనుగే కావాలి బావా" అన్నాడు. ఓడినవాణ్ణి ఎలా ఓదార్చాలో మా తమ్ముడికి తెలుసు. చిన్న చక్రాలతో పని కదా, చెయ్యి తేలిక.

సోమవారం సాయంత్రం కంప్యూటర్నీ మానిటర్నీ దుప్పట్లలో చుట్టుకుని నలుగురం లైబ్రేరియన్ గారి ఆఫీసుకి వెళ్ళాం. బయల్దేరే ముందు మా అత్తగారు మానిటర్ వైరుని పిట్ట సాకెట్‌కి బిగించి కొత్త ముద్ర వేశారు, దారిలో ఊడకూడదని. అంతకుముందు కంప్యూటర్ని ఖాళీగా నడిపి చూడడం కూడా మర్చిపోలేదు.

రెండో సంస్థవాళ్ళు పొద్దున్నే చూపించి వెళ్ళారట. లైబ్రేరియన్ గారు నమస్కారం కూడా పూర్తిగా కానివ్వకుండా మౌస్ అందుకున్నారు. మెట్లెక్కారు. వసారా దాటారు. హాల్లో ఒక్కో అర ముందూ ఆగి పుస్తకాల పేర్లు చదివారు. ఒక పిల్లాడి పక్కన కిందికి వంగి వాడేం చదువుతున్నాడో చూశారు. బొమ్మ ఎక్కడా ఆగలేదు, అదరలేదు. మా ఆయనా, మా తమ్ముడూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. చివరికి ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి ఆగారు.

"ఈవిడెవరు?"

నేను వెనక్కి చూశాను. లైబ్రేరియన్ గారు తల తిప్పారు. వెనక వరసలో మా అత్తగారు, బల్ల మీద లైబ్రరీ నియమాల కాగితం ఒకటి చేతికి దొరికితే, దాన్ని దూరంగా పట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, తప్పులు వెతుకుతున్నారు. లైబ్రేరియన్ గారు తెర వైపు చూశారు, మా అత్తగారి వైపు చూశారు, మళ్ళీ తెర వైపు చూశారు. కమిటీ అంతా అటు తిరిగింది.

మా అత్తగారు లేచి నిలబడ్డారు. "నేనేనండీ. కానీ ఒక మాట చెప్పాలి. ఆ కుర్చీ ఎత్తు తక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అందులో కూర్చోగలరు గానీ లేవలేరు."

గెలుపు నోటిదాకా వచ్చిందనుకుంటే ఇంటి మనిషే తప్పు పట్టారు, అదీ కమిటీ ముందు! లైబ్రేరియన్ గారు బల్ల కింద తన మోకాలు ఒకసారి రుద్దుకున్నారు.

"నిజమే," అన్నారు నాతో. "పని మొదలుపెట్టాక ఆ కుర్చీని రెండంగుళాలు ఎత్తు చెయ్యండి."

తలూపాను. పని మొదలుపెట్టాక అన్నారని నాకు వెలగడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా మా తమ్ముడు నన్ను గిల్లాడు, మా ఆయన గట్టిగా ముక్కు చీదుకున్నాడు. నాకు ఆ గదిలో అందరినీ కౌగిలించుకోవాలనిపించింది, పిట్టతో సహా.

"రెండు చాలవు," అన్నారు మా అత్తగారు, గుడ్డసంచిలోంచి టేపు తీస్తూ లైబ్రేరియన్ గారి మోకాళ్ళ వైపు నడిచి. "ఒకసారి లేచి నిలబడండమ్మా, కొలిచి చెప్తాను."